రెండో చేతి ల్యాప్‌టాప్, మూడో చేతి ఫోన్

హైదరాబాద్‌లో పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీలు ఉద్యోగులకిచ్చిన ల్యాప్‌టాప్‌లను మూడు నాలుగేళ్లకోసారి మార్చేస్తుంటాయి. అప్పటికి అవి పాడైపోయేదేమీ ఉండదు, లీజు గడువో వారంటీ గడువో తీరిపోతుంది, అంతే. తీసేసిన యంత్రాలు లాట్ల లెక్కన అమ్ముడవుతాయి. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీ అని అందరూ పిలిచే చినాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట్ల వాటికి దుమ్ము దులిపి, ర్యామ్ పెంచి, పాత హార్డ్ డిస్కు తీసి ఎస్ఎస్‌డీ వేసి, విండోస్ మళ్లీ ఎక్కించి అమ్మకానికి పెడతారు. అక్కడి నుంచి 44వ నంబరు జాతీయ రహదారి పట్టుకుని అవి పాలమూరు వైపు దిగుతాయి. ఒకటి వనపర్తి పాలిటెక్నిక్ పిల్లవాడి సంచిలోకి, ఒకటి నాగర్‌కర్నూల్‌లో ఆన్‌లైన్ దరఖాస్తులు నింపే సెంటర్ బల్ల మీదికి, మరొకటి గద్వాలలో విత్తనపత్తి ఆర్గనైజర్ లెక్కల గదిలోకి చేరుతుంది.

ఈ మూడు జిల్లాలూ 2016 అక్టోబర్ 11న, పాలమూరు అని పిలిచే పాత మహబూబ్‌నగర్ జిల్లా నుంచి విడివడ్డాయి. కలెక్టరేట్లు వచ్చాయి, మెడికల్ కాలేజీలు వచ్చాయి. ఫోనూ కంప్యూటరూ లేకుండా కదలని పనులు కూడా వెంటే వచ్చాయి. 2020 సెప్టెంబర్ 1న టీ-శాట్, దూరదర్శన్ యాదగిరి చానళ్లలో డిజిటల్ పాఠాలు మొదలైనప్పుడు, ఆ పాఠాలు ఫోన్లో చూడాల్సి వచ్చిన, ఒక్క ఫోనుతో సర్దుకుంటున్న ఇళ్లలో రెండో ఫోను అవసరం ఎంతటిదో తెలిసొచ్చింది. ఇక్కడ చేతికి డబ్బు నెలనెలా రాదు. పంట అమ్మినప్పుడో, ముంబయికో పుణెకో వలసపోయినవాళ్లు పంపినప్పుడో వస్తుంది. అలాంటి ఇంటికి నలభై వేల కొత్త ల్యాప్‌టాప్ కంటే పద్దెనిమిది వేల పాతది దగ్గరగా కనిపించడంలో వింతేముంది?

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఈ ఊళ్లలో పాత ల్యాప్‌టాప్ చాలావరకు మంచి బేరమే. పాత ఫోన్ సంగతి అంత తేలిక కాదు. రెంటిలోనూ వస్తువుతో సమానంగా చూడాల్సింది, రేపు అది మొరాయిస్తే ఎదురుగా నిలబడి జవాబు చెప్పేదెవరనేది.

ముందు లెక్క చూద్దాం. కొత్త ల్యాప్‌టాప్ 40,000 అనుకుందాం, ఐదేళ్లు నడిస్తే ఏడాదికి 8,000 పడుతుంది. పాతది 18,000, దానికి కొత్త బ్యాటరీ, చిల్లర మరమ్మతులు కలిపి మరో 3,000. మొత్తం 21,000 అయింది. మూడేళ్లు నడిస్తే ఏడాదికి 7,000. రెండేళ్లకే మూలనపడితే ఏడాదికి 10,500! అంటే సగం ధరకు కొన్నామనుకున్న వస్తువు కొత్తదానికంటే ఖరీదైపోయిందన్నమాట. కాబట్టి ధర ఎంత తగ్గిందని కాకుండా ఇంకెన్నేళ్ల ఆయుష్షు మిగిలిందని అడగాలి. పెబ్బేరు సంతలో ఎద్దును కొనేవాడు రంగు చూసి డబ్బు తీయడు. పళ్లు చూస్తాడు, నాలుగడుగులు నడిపిస్తాడు. ల్యాప్‌టాప్‌కూ చూడదగ్గ పళ్లున్నాయి.

అందులో మొదటిది ప్రాసెసర్ తరం. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 అధికారికంగా నడవాలంటే ఇంటెల్‌లో 8వ తరం లేదా ఆ తర్వాతి ప్రాసెసర్ కావాలి, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కూడా ఉండాలి. కంపెనీలు 6వ, 7వ తరం యంత్రాలను వదిలించుకోవడానికి ఇది మరో కారణమైంది. ఇప్పుడు బజారులో నమ్మలేనంత చవగ్గా దొరికేవి ఎక్కువగా అవే. ‘ఐ5 ల్యాప్‌టాప్ పన్నెండు వేలకే’ అన్న మాట విని మోసపోవద్దు. ఐ5 అన్నది పదేళ్ల కిందటి ప్రాసెసర్ మీదా ఉంటుంది. గీత తర్వాత వచ్చే అంకె చూడాలి. ఐ5-7300 అంటే ఏడో తరం, ఐ5-8350 అంటే ఎనిమిదో తరం. ఐ5-10310 అంటే పదో తరం, అక్కడ మొదటి రెండంకెలూ కలిపి చదవాలి. పాత తరం యంత్రంలో విండోస్ 11ను దొడ్డిదారిన ఎక్కించి ఇచ్చే దుకాణాలున్నాయి. అది నడుస్తుంది, కానీ ముందుముందు అప్‌డేట్లు సరిగా వస్తాయన్న భరోసా ఎవరూ ఇవ్వరు. పిల్లలు ప్రోగ్రామింగ్ నేర్చుకోవడానికైతే అందులో లినక్స్ వేసుకుని హాయిగా వాడుకోవచ్చు. బ్యాంకు పనులు, జనం ఆధార్ కాగితాలు నడిచే సెంటర్‌కు మాత్రం వద్దనే అంటాను.

రెండోది తాళం. కంపెనీ ల్యాప్‌టాప్‌లను కంపెనీలు దూరం నుంచే అదుపు చేస్తాయి. లెక్కల్లోంచి సరిగా తీసేయకుండా బయటికొచ్చిన యంత్రమైతే, విండోస్ కొత్తగా ఎక్కించి ఇంటర్నెట్‌కు కలపగానే తెర మీద ఏదో కంపెనీ పేరొచ్చి ఆఫీసు ఈమెయిల్, పాస్‌వర్డ్ అడుగుతుంది. అప్పటిదాకా మామూలుగానే కనిపిస్తుంది. అందుకే దుకాణంలోనే, మన ఫోన్ హాట్‌స్పాట్ ఇచ్చి మొదటి నుంచి సెటప్ చేయించి చూడాలి. యంత్రం ఆన్ చేస్తూ బయోస్‌లోకి వెళ్లి చూడండి, అక్కడ పాస్‌వర్డ్ అడిగితే లేచి వచ్చేయడమే. మ్యాక్‌బుక్‌లకూ ఇదే తంటా. పాత యజమాని ఆపిల్ ఖాతా నుంచి తొలగించకపోతే అది అందమైన అల్యూమినియం పలక, అంతే.

మూడోది బ్యాటరీ. విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో పవర్‌సీఎఫ్‌జీ అని, ఖాళీ వదిలి స్లాష్ పెట్టి బ్యాటరీరిపోర్ట్ అని ఇంగ్లిషులో టైపు చేస్తే ఒక నివేదిక వస్తుంది. కంపెనీ నుంచి వచ్చినప్పుడు బ్యాటరీ సామర్థ్యం ఎంత, ఇప్పుడు నిండా ఎక్కితే ఎంత అని రెండంకెలుంటాయి. రెండోది మొదటిదానిలో సగానికి దిగిపోతే కొత్త బ్యాటరీ ధర బేరంలో తగ్గించమని అడగండి. లిథియం అయాన్ బ్యాటరీ వాడినా అరుగుతుంది, వాడకుండా మూల పెట్టినా అరుగుతుంది, వేడికి ఇంకా తొందరగా అరుగుతుంది. పాలమూరు ఎండాకాలం సంగతి చెప్పక్కర్లేదు. ల్యాప్‌టాప్‌ను చదునైన బల్ల మీద పెట్టినప్పుడు ఊగిందంటే, టచ్‌ప్యాడ్ పైకి ఉబ్బినట్టుంటే లోపల బ్యాటరీ వాచిందని అనుమానించాలి. దాన్ని బేరమాడి కూడా తెచ్చుకోవద్దు. అది మంటల వ్యవహారం.

ఇవన్నీ గట్టెక్కితే మిగిలేది లాభమే. కంపెనీలు కొనే థింక్‌ప్యాడ్, ల్యాటిట్యూడ్, ఎలీట్‌బుక్ రకాలు కొత్తలో ఖరీదైనవి. కీబోర్డులు, కీళ్లు గట్టివి. చాలా మోడళ్లలో అడుగు మరలు విప్పితే ర్యామ్, ఎస్ఎస్‌డీ, బ్యాటరీ అన్నీ చేతికందుతాయి, విడిభాగాలూ సులువుగా దొరుకుతాయి. అదే డబ్బుకు వచ్చే నాసిరకం కొత్త ల్యాప్‌టాప్‌లో ర్యామ్‌ను బోర్డుకే అతికించేసి ఉంటారు, పెంచుకునే దారి ఉండదు. 2025 చివరి నుంచి ప్రపంచమంతటా మెమరీ చిప్‌ల ధరలు ఎగబాకడంతో ర్యామ్ నిండుగా ఉన్న పాత యంత్రానికి విలువ ఇంకా పెరిగింది.

ఇక ఫోన్. ల్యాప్‌టాప్ ఎక్కువగా ఒక కంపెనీ చేతిలోంచి వస్తుంది. ఫోన్ ఎన్ని చేతులు మారిందో దానికే తెలియాలి. కింద పడి ఉంటుంది, బోరు కాలువలో తడిసి ఉంటుంది, డిస్‌ప్లే ఒకసారి, బ్యాటరీ ఒకసారి మార్చి ఉంటారు. సెల్ రిపేరు దుకాణాల భాషలో డిస్‌ప్లే మొత్తాన్ని ఫోల్డర్ అంటారు, కాంబో అని కూడా అంటారు. ఒరిజినల్ ఫోల్డర్‌కూ కాపీ ఫోల్డర్‌కూ ధరలో చాలా తేడా. పైకి రెండూ ఒకేలా వెలుగుతాయి. తేడా పట్టుకోవాలంటే ఎండలోకి తీసుకెళ్లండి, కాపీ తెరలు చాలావరకు మసకబారుతాయి. తెర మీదే వేలిముద్ర తీసుకునే ఫోనైతే వేలు పెట్టి చూడండి. చౌక ఎల్‌సీడీ వేసిన ఫోన్‌లో ఆ సెన్సర్ పనిచేయదు. దుకాణదారు ‘అది ఆపేసినం అన్నా, అవసరం లేదుగదా’ అంటాడు. అవసరం లేక ఆపలేదని మనకు తెలుస్తూనే ఉంటుంది. ఐఫోన్లలో సెట్టింగ్స్‌లోని అబౌట్ పేజీ మార్చిన భాగాల చిట్టాను చూపిస్తుంది, తెలియని భాగమైతే ఆ మాటే రాస్తుంది. ఒకసారి విప్పిన ఫోన్‌కు నీళ్లు తట్టుకునే గుణం కొత్తలో ఉన్నంత ఉంటుందని నమ్మొద్దు. లోపలి జిగురు సీలు మళ్లీ సరిగా వేసేవాళ్లు అరుదు.

అమెరికా బంధువులు తెచ్చే ఐఫోన్ గురించి ఒక మాట. ఐఫోన్ 14 నుంచి అక్కడ అమ్మే ఫోన్లకు సిమ్ పెట్టే చోటే లేదు, ఈ-సిమ్ ఒక్కటే దిక్కు. ఇక్కడి కంపెనీలు ఈ-సిమ్ ఇస్తాయి, కానీ ఫోన్ పాడైన రోజున సిమ్ తీసి అమ్మ చేతిలోని చిన్న ఫోన్‌లో వేసుకునే సౌకర్యం పోతుంది. వాడిన ఐఫోన్లను దిగుమతి చేసుకుని ఇక్కడ అమ్ముతామని ఆపిల్ అడిగితే 2016లో కేంద్రం ఒప్పుకోలేదు. కాబట్టి ‘కంపెనీ రీఫర్బిష్డ్’ అని ఎవరైనా ఐఫోన్ చేతిలో పెడితే ఏ కంపెనీ అని ఎదురు ప్రశ్న వేయడం తప్పు కాదు.

ఆండ్రాయిడ్‌లో ఆయుష్షును సెక్యూరిటీ అప్‌డేట్ తేదీ చెబుతుంది. సెట్టింగ్స్‌లో కనిపించే ఆ తేదీ రెండేళ్ల కిందటిదైతే ఆ ఫోన్‌ను తయారుచేసినవాళ్లే వదిలేశారని అర్థం. ఫోన్‌పేలూ గూగుల్‌పేలూ దాని మీదే నడపాలి మరి. గూగుల్ 2023లో పిక్సెల్ 8కు, శామ్‌సంగ్ 2024లో గెలాక్సీ ఎస్24కు ఏడేళ్ల అప్‌డేట్లు ప్రకటించాయి. నాలుగేళ్లు వాడిన అలాంటి ఫోన్‌లో ఇంకా మూడేళ్లు మిగిలి ఉంటాయి. ఎనిమిది వేల కొత్త ఫోన్‌కు మొదటి రోజునే అంత మిగలకపోవచ్చు. పాత ఫోన్ కొనడంలో నాకు నిజంగా లాభంగా తోచేది ఈ ఒక్క చోటే. ఒకప్పటి ఖరీదైన ఫోన్, చిన్న బ్యాటరీ ఖర్చుతో.

ఇంతదాకా చెప్పింది డబ్బు నష్టం గురించి. ఫోన్‌తో ఇంకో ప్రమాదముంది. అది దొంగదై ఉండొచ్చు. పోయిన ఫోన్లను దేశమంతటా పనిచేయకుండా ఆపే సీఈఐఆర్ పోర్టల్ 2023 మేలో దేశవ్యాప్తమైంది. తెలంగాణ పోలీసులు దాన్ని గట్టిగా వాడుకున్నారు. ఎస్పీ కార్యాలయాల్లో దొరికిన ఫోన్లను వరుసగా పేర్చి సొంతదారులకు అందించే ఫొటోలు పత్రికల జిల్లా పేజీల్లో తరచూ చూస్తూనే ఉన్నాం. ఆ ఫొటోలో కనిపించని మనిషి ఒకడుంటాడు. ఆ ఫోన్‌ను ఆరు వేలో ఏడు వేలో పెట్టి తెలియక కొన్నవాడు. ఫోన్ పోతుంది, డబ్బు రాదు. దొంగ సొత్తని తెలిసీ, లేదా అలా అనుకోవడానికి కారణముండీ దురుద్దేశంతో తీసుకున్నాడని తేలితే భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు. బాక్సు, బిల్లు లేకుండా, సగానికి సగం ధరకు కొన్నవాడు ‘నాకు తెలియదు సార్’ అంటే స్టేషన్‌లో ఎంతవరకు చెల్లుతుంది?

దీనికి విరుగుడు పైసా ఖర్చులేని పని. ఫోన్‌లో *#06# నొక్కితే 15 అంకెల ఐఎంఈఐ వస్తుంది. ఇంగ్లిషులో కేవైఎం అని రాసి, ఖాళీ వదిలి ఆ నంబరు కొట్టి 14422కు మెసేజ్ పంపండి. సంచార్ సాథీ యాప్‌లోనూ చూడొచ్చు. ఫోన్ బ్రాండు, మోడల్ వస్తాయి. బ్లాక్ అయినదైతే ఆ సంగతీ తెలుస్తుంది. చేతిలో ఉన్నది ఒక మోడల్, మెసేజ్‌లో వచ్చింది ఇంకో మోడల్ అయితే ఐఎంఈఐ మార్చారని అర్థం. అలా మార్చడం 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం కింద నేరం. పాత ఫోన్లు కొని అమ్మేవాళ్లు ఐఎంఈఐని ప్రభుత్వ జాబితాతో సరిచూడాలని 2025 అక్టోబర్‌లో టెలికాం సైబర్ భద్రత నిబంధనల సవరణ కూడా వచ్చింది. నిబంధన గద్వాల బజారు దాకా నడిచొచ్చేలోపు మన చెకింగ్ మనమే చేసుకోవడం మేలు. దాంతో పాటే గూగుల్ ఖాతా తాళం, ఈఎంఐ తాళం కూడా చూసుకోవాలి. కిస్తీలు కట్టని ఫోన్‌ను ఫైనాన్స్ కంపెనీ దూరం నుంచే లాక్ చేసేస్తుంది. అమ్మినవాడు రెండు కిస్తీలు ఎగ్గొట్టాక, కొన్నవాడి చేతిలో ఫోన్ బిగుసుకుపోతుంది.

మరి ఎక్కడ కొనాలి? ఆన్‌లైన్ కంపెనీలు ఆరు నెలల, ఏడాది వారంటీ ఇస్తాయి. కాగితం పక్కాగా ఉంటుంది. అయితే కొనేముందు మన పిన్‌కోడ్ కొట్టి, వస్తువు చెడితే ఇంటికొచ్చి తీసుకెళ్తారా, మనమే పంపాలా అన్నది చూడాలి. అచ్చంపేట అవతలి ఊరికి డెలివరీ ఉండి, వెనక్కి తీసుకెళ్లే సౌకర్యం లేకపోతే ఆ వారంటీ సగం వారంటీ. బ్రాండ్ల సర్వీస్ సెంటర్లు చాలావరకు మహబూబ్‌నగర్, కర్నూలు, హైదరాబాద్‌లలోనే ఉంటాయి. గద్వాల నుంచి కర్నూలు అరవై కిలోమీటర్ల దారి. నాగర్‌కర్నూల్‌కు రైలే లేదు. రెండుసార్లు తిరిగితే ఒక రోజు కూలీ, బస్సు చార్జీ లెక్కలోకి వస్తాయి, పన్నెండు వేల వస్తువుకు అవి చిన్నవేం కావు.

లోకల్ దుకాణంలో సీను తిరగబడుతుంది. ‘అన్నా, దీనికి బిల్లుందా?’ అంటే ‘బిల్లెందుకన్నా, ఏమన్నైతే మన దుకాణం ఈడనే ఉంటది గదా, యాడికి వోతం?’ అంటాడు. ఆ మాటలో నిజముంది. పదేళ్లుగా అదే బస్టాండు ఎదుట కూర్చున్నవాడికి పరువే పెట్టుబడి. ఊళ్లో ఒకడికి చెత్త ఫోన్ అంటగడితే పదిమందికి తెలిసిపోతుంది. అందుకే నా ఓటు అలాంటి దుకాణానికే. కానీ బిల్లు వదులుకుని మాత్రం కాదు. ‘బిల్లిస్తే పద్దెనిమిది శాతం పన్ను పడుతుంది’ అన్న బెదిరింపు పూర్తి నిజం కాదు. పాత వస్తువులు కొని అమ్మే వ్యాపారి ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకోకపోతే, కొన్న ధరకూ అమ్మిన ధరకూ మధ్య తేడా మీదే జీఎస్టీ కట్టే వెసులుబాటుంది. 10,000కు కొని 12,000కు అమ్మితే లెక్క 2,000 మీదే. జీఎస్టీ నంబరు లేని చిన్న దుకాణం అయినా మామూలు రసీదు మీద మోడల్, ఐఎంఈఐ, తేదీ, ఎన్ని రోజుల గ్యారంటీయో రాసి సంతకం పెట్టొచ్చు.

ఆ చీటీకి చట్టంలో బలముంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం పాతదాన్ని, బాగుచేసినదాన్ని కొత్తదని అమ్మడాన్ని అనుచిత వ్యాపార పద్ధతి అంటుంది. బిల్లు ఇవ్వకపోవడమూ అదే కోవలోకి వస్తుంది. లోపమున్న వస్తువును బిల్లులో రాసిన గడువులోగా, గడువేమీ రాయకపోతే ముప్పై రోజుల్లోగా వెనక్కి తీసుకోవడానికి నిరాకరించడం కూడా అంతే. 1915కు ఫోన్ చేయొచ్చు. అయిదు లక్షల లోపు వస్తువుకు వినియోగదారుల కమిషన్‌లో ఫీజు లేదు, ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే ఫిర్యాదు వేయొచ్చు. ఏడు వేల ఫోన్ కోసం అంత దూరం వెళ్లేవాళ్లు తక్కువే అనుకోండి. ఈ సంగతి మనకు తెలుసని దుకాణదారుకు తెలిస్తే చాలాసార్లు పని అయిపోతుంది.

కొన్ని వస్తువులు ఎంత చవగ్గా వచ్చినా పాతవి కొనకూడదు. పవర్ బ్యాంకులు, చార్జర్లు, చెవిలో పెట్టుకునే బడ్స్, పాత హార్డ్ డిస్కులు. చార్జర్ ఎప్పుడూ బీఐఎస్ ముద్ర ఉన్న కొత్తదే కొనాలి, కరెంటు ఎగుడుదిగుడులుండే ఊళ్లలో అయితే మరీను. పాత పెద్ద టీవీ కూడా నాకు నచ్చని బేరం. ప్యానెల్ పోతే బాగుచేసే ఖర్చులో కొత్తది వస్తుంది, పైగా 2025 సెప్టెంబర్ 22 నుంచి 32 అంగుళాలు దాటిన టీవీల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది కూడా.

కొనడం గురించే ఇంతసేపూ. అమ్మడంలో ఉన్న ప్రమాదం గురించి ఊళ్లలో ఎవరూ పెద్దగా పట్టించుకోరు. పాత సెల్లుకు ప్లాస్టిక్ టబ్బు, బొచ్చె ఇస్తామంటూ వీధుల్లో తిరిగేవాళ్లను చూసే ఉంటారు. 2024 ఆగస్టులో రామగుండం సైబర్ క్రైమ్ పోలీసులు గోదావరిఖనిలో బిహార్‌కు చెందిన ముగ్గుర్ని పట్టుకున్నప్పుడు దాదాపు 4,000 పాత ఫోన్లు దొరికాయి. పల్లెల్లో ఇలా సేకరించి, జామ్‌తాడా, దేవ్‌ఘర్ ప్రాంతాల సైబర్ మోసగాళ్లకు చేరవేస్తున్నారని పోలీసులు చెప్పారు. పనిచేయని ఫోన్‌లోంచి బోర్డు, ఐఎంఈఐ దక్కినా వాళ్లకు సరుకే. ఆ ఐఎంఈఐ మన పేరు మీది సిమ్‌తో ఏళ్ల తరబడి నడిచినదని మరచిపోవద్దు.

పనిచేసే ఫోన్ అమ్మేటప్పుడు సిమ్, మెమరీ కార్డు తీసి, గూగుల్ లేదా ఆపిల్ ఖాతా నుంచి బయటికొచ్చి, ఆ తర్వాతే ఫ్యాక్టరీ రీసెట్ చేయాలి. వరుస తప్పితే తాళం మిగిలిపోయి కొన్నవాడు మళ్లీ మన గడప తొక్కుతాడు. ఇటీవలి ఆండ్రాయిడ్ ఫోన్లలో సమాచారం గుప్తలిపిలో ఉంటుంది కాబట్టి రీసెట్ చేస్తే ఫొటోలు తిరిగి లాగడం దాదాపు అసాధ్యం. కొన్నవాడి పేరు, ఆధార్ చివరి నాలుగంకెలు, ఐఎంఈఐ, తేదీ ఒక కాగితం మీద రాయించుకుని సంతకం తీసుకోండి. ఇక తెరుచుకోని, ఎవరికీ పనికిరాని ఫోన్ ఉంటే టబ్బు మీద ఆశ వదులుకుని, కేంద్ర కాలుష్య నియంత్రణ మండలిలో నమోదైన ఈ-వ్యర్థాల సేకరణదారుకో, కొత్త ఫోన్ కొనేచోట ఎక్స్‌ఛేంజ్‌లో రసీదు తీసుకునో ఇవ్వండి. అదీ కుదరకపోతే హైదరాబాద్ పోయే రోజు దాకా బీరువాలో ఉండనివ్వండి. బ్యాటరీ ఉబ్బిందా అని మాత్రం అప్పుడప్పుడూ చూస్తుండండి.